సాహిత్యగోష్ఠుల యనువృత్తి

సాహిత్యాభ్యాసమునకు నేఁడొక క్రొత్తచోటు దొరకినది. పూర్వము పద్యరచన నేర్వఁగోరు బాలుఁడు గురువుగారి యరుఁగు చేరవలసియుండెను. ఇప్పుడు హిందూపురములోని విద్యార్థియు, పెనుగొండలోని యుద్యోగియు, ధర్మవరములోని యుపాధ్యాయుఁడును దమతమ యిండ్లనుండియే, నియమించుకొన్న వేళకు, సెల్లుఫోను తెరమీఁదఁ గలిసికొని పద్యము వ్రాసి, చదివి, దిద్దుకొనవచ్చును. 2020వ సంవత్సరమునఁ గరోనావ్యాధివలన సభలు నిలిచిపోయినప్పుడు, అవధానములును, కవిసమ్మేళనములును, రచనాభ్యాసగోష్ఠులును అంతర్జాలమునకుఁ దరలినవి. వ్యాధి తగ్గిన పిమ్మటఁ గొన్ని మరల సభామందిరములకు వచ్చినవి. కొన్ని యచ్చటనే నిలిచినవి. కొన్ని నిశ్శబ్దముగా నంతరించినవి.

ఈ గోష్ఠులను నడపువారు జీతము గొనువారు కారు. బడి ముగిసిన పిదప, ఇంటిపనులు చక్కఁబెట్టుకొని, భాషమీఁది ప్రీతిచేతనే పూనుకొనువారు. వీరిని నియమించిన ప్రభువు లేఁడు, వీరు మానినచో నడుగు నధికారియు లేఁడు. ఇట్లు కేవలము స్వచ్ఛందసేవమీఁద నాధారపడిన గోష్ఠి చిరకాలము బ్రదుకుట యెట్లు అనునది యీ వ్యాసమున విచారింపఁబడు విషయము.

దీనిని జిన్నవిషయమని త్రోసిపుచ్చరాదు. ఛందోవ్యాకరణములను గురుముఖమున నేర్చినవారి తరము తగ్గుచున్నది. పాఠశాలలో లక్షణము పరీక్షకుఁ దగినంతయే చెప్పఁబడుచున్నది. గణములు విడఁదీయఁ గలిగిన విద్యార్థికిఁ బద్యము కట్టుట రాదు. కట్ట నేర్చినవానికి దిద్దువారు దొరకరు. ఈ రెండు లోపములను దీర్చుటకుఁ బల్లెపట్టణముల విద్యార్థికి నేఁడు సుకరముగా లభించు సాధనము ఇట్టి గోష్ఠియే. అది నిలిచిపోయినచో నష్టము నిర్వాహకునకుఁ గాదు, సగము నేర్చి దిక్కుతోఁచక విడిచిపెట్టిన శిష్యునకు.

క్షయక్రమము

గోష్ఠి యంతరించు తీరు సామాన్యముగా నొక్కటే. ఉత్సాహవంతుఁడైన యొక పండితుఁడు పూనుకొనును. మొదటివారమున 40 మంది చేరుదురనుకొందము. సమస్య నిచ్చువాఁ డతఁడే. పూరణములను సేకరించువాఁ డతఁడే. యతిప్రాసలను జూచువాఁ డతఁడే. వాదము పుట్టినప్పుడు తీర్పు చెప్పువాఁడును అతఁడే. సభ కూడుటకుఁ దాళపుఁజెవివంటి సంకేతపదము గూడ నతని కొక్కనికే తెలియును. రెండు మూఁడు నెలలు గడచునప్పటికి 40 మందిలో 20 మంది మిగులుదురు. ఈ తగ్గుట వ్యాధి కాదు. వేడుక చూడవచ్చినవారు పోయి, అభ్యాసకులు నిలిచిరని దాని యర్థము. కాని నిర్వాహకుని భారము నిజముగాఁ బెరుగునది యప్పుడే. ఏలయన, నిలిచినవారు ప్రతివారమును వ్రాయుదురు.

లెక్క చూతము. 20 మంది వారమున కొక్కొక్క పద్యము వ్రాసినచో 20 పద్యములు. ఒక పద్యమును శ్రద్ధతోఁ జదివి, దోషమును గుర్తించి, దాని కారణమును వ్రాయుటకు 15 నిమిషములైనఁ బట్టును. మొత్తము 5 గంటలు. సభ జరుగు గంటన్నరయు, సమస్యను గూర్చి ప్రకటించుటకు అరగంటయుఁ జేర్చినచో 7 గంటలు. సంవత్సరమున 50 వారములు నడిచినచో 350 గంటలు. సంసారమును, ఉద్యోగమును గలవాఁ డొకఁడు ఇంతకాలమును ఫలాపేక్ష లేక ఏఁడేఁట నీయఁగలఁడని తలఁచుట యతని యౌదార్యమును గౌరవించుట గాదు, దానిని గొల్లగొట్టుట.

పిదప నేమి జరుగును? పరీక్షలదినములు వచ్చును, లేదా యింట శుభకార్యము వచ్చును, లేదా జ్వరము వచ్చును. ఒకవారము గోష్ఠి జరుగదు. వేఱొకఁడు నడపుదమన్న నతని కధికార మీయఁబడలేదు, సంకేతపదమును దెలియదు. రెండవవారమున నిర్వాహకునకు సంకోచము కలుగును. మూఁడవవారమున సభ్యులకు మఱపు కలుగును. గోష్ఠి ముగిసినదని యెవ్వరును జెప్పరు, ఉన్నదని నమ్ముటకును వీలుండదు. కాఁబట్టి గోష్ఠికిఁ జేటు తెచ్చునది వైరము గాదు, ద్రవ్యలోపమును గాదు. ఎవరి పూనిక యెంతవఱకో ముందుగాఁ జెప్పకపోవుటయే యని నా యభిప్రాయము.

అధికారము – అవధి

ఈ విషయమున వ్యాకరణశాస్త్రమునుండి మనము గ్రహింపఁదగిన మర్యాద యొకటి కలదు. పాణిని తన సూత్రములయందు లాఘవముకొఱకు నొక పదమును ఒకమా ఱుచ్చరించి, తరువాతి సూత్రములకు నదియే వర్తించునట్లు చేసెను. దీనికి ననువృత్తి యని పేరు. ఒక సూత్రము తాను విడిగా నే కార్యమును జేయక, తన పిదప వచ్చు సూత్రముల సమూహమునంతటిని శాసించునప్పుడు దానిని అధికారసూత్ర మందురు. అనువృత్తి నిలిచిపోవుటకు నివృత్తి యని పేరు. నడుమనున్న కొన్ని సూత్రములను విడిచి పైవానికిఁ బోవు ననువృత్తిని, కప్ప దుముకును బోలినది గనుక, మండూకప్లుతి యందురు.

ఇందు ముఖ్యముగాఁ దెలిసికొనవలసినది యవధి. ఏ యధికార మెంతదూరము వర్తించునో తెలియనిచో శాస్త్రమంతయు నయోమయమగును. అందువలననే సూత్రకారుఁడు కొన్నిచోట్ల ‘ప్రాక్’ అను పదము వేసి, ఫలానిదానికి ముందువఱకే యీ యధికారమని నోరార చెప్పెను. తక్కినచోట్ల స్వరితమను స్వరచిహ్నముచేత నధికారమును దెలిపెను. కాలక్రమమున సూత్రపాఠమునుండి యా స్వరచిహ్నములు లోపించినవి. నేఁడు ఏది యధికారమో, అది యెందాఁక పోవునో వ్యాఖ్యాతల సంప్రదాయమువలననే మనకుఁ దెలియుచున్నది. చిహ్నము పోయినను శాస్త్రము నిలిచినదన్నచో, ఆ యవధులను నోటఁ జెప్పి, వ్రాఁతలో నుంచి, శిష్యున కందించిన పరంపర యుండుటచేతనే.

మన గోష్ఠులయందు స్వరితచిహ్నమును లేదు, పరంపరయును లేదు. ఒకఁడు ‘నేను దిద్దెదను’ అని పూనుకొనును. ఎంతవఱకో చెప్పఁడు. అడుగుట మర్యాద కాదని తక్కినవా రడుగరు. అవధి లేని యధికార మతని యోపిక తీఱినచోట నిలిచిపోవును, కాని నివృత్తియైనదని యెవ్వరికినిఁ దెలియదు. అతఁడు మానుటను మనము ద్రోహమని తలఁతుము. అతఁడును దనలోఁ దాను సిగ్గుపడి సభవైపు రాక తప్పించుకొనును. ఒక్కమాట ముందుగాఁ జెప్పియున్నచో, అనఁగా ‘ఉగాది మొదలు శ్రావణాంతమువఱకు యతిప్రాసల పరిశీలనము నాది’ అని యున్నచో, అదే వ్యక్తి శ్రావణాంతమున గౌరవముతో వైదొలఁగును, ఆఱునెలలకు మండూకప్లుతిచేత మరల రాఁగలుగును. పూనికకు హద్దు పెట్టుట సేవను దగ్గించుట గాదు. సేవకుని మిగుల్చుకొనుట.

ఈ ప్రాంతపు నిదర్శనములు

అనువృత్తి యేర్పడినచో నేమి జరుగునో, ఏర్పడనిచో నేమి జరుగునో తెలియుటకు దూరము పోనక్కఱలేదు.

ఆంధ్రనాటకపితామహులని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) ధర్మవరమునఁ బుట్టి, బళ్లారిలో న్యాయవాదిగా నుండిరి. వారచట సరసవినోదినీసభను స్థాపించిరి. వారి చిత్రనళీయము 1887లో రంగమెక్కెను. నాటకమును వ్రాయుట, పాత్రధారులకు నేర్పుట, తాము వేషము ధరించుట యన్నియు వారివే. ఆ యూరనే కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమసభను నడపిరి. ఈ సభలు జీవనోపాధికై పుట్టినవి కావు. అయినను వానినుండి యొక ఫలము నిలిచినది. రామకృష్ణమాచార్యులవారి మేనల్లుఁడు బళ్లారి రాఘవ (1880–1946) బాల్యమునుండియు నా వాతావరణమునఁ బెరిగి, తరువాతి తరమున నాటకకళకు దిక్కయ్యెను. పెద్దవారు వేదిక దిగిపోయిన పిదప వెదకి తెచ్చిన వారసుఁడు కాఁడతఁడు. పెద్దవా రుండఁగనే వేదికమీఁద నిలిచి నేర్చినవాఁడు. గోష్ఠికి రెండవ నిర్వాహకుని సంపాదించుట మొదటివాఁడు చుఱుకుగా నున్నప్పుడే జరుగవలెననుటకు నిది తార్కాణము.

హిందూపురమున కల్లూరు అహోబలరావుగారు శ్రీకృష్ణదేవరాయగ్రంథమాలను నెలకొల్పి, రాయలసీమ రచయితల చరిత్రను నాలుగుసంపుటములుగా వెలువరించిరి. ఎన్నియో చిన్నయూళ్ల కవుల పేళ్లును, రచనలును నేఁడు పరిశోధకులకు లభించుటకు నా సంపుటములు ముఖ్యాధారము. సభలు జరిగిన మఱునాఁడే మఱవఁబడును. వ్రాసి యుంచినది నిలుచును. గోష్ఠి నడపుటయొక్కటే పని గాదు, దాని చరిత్రను వ్రాసి యుంచుటయు నందు భాగమే యని యా గ్రంథమాల మనకుఁ దెలుపుచున్నది.

పెనుగొండ సాహిత్యమునకుఁ బరాయి యూరు గాదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) కైశోరముననే పెనుగొండలక్ష్మిని రచించిరి. తరువాత విద్వత్పరీక్షకుఁ జదువునప్పుడు తమ కావ్యమే పాఠ్యగ్రంథముగాఁ జదువవలసివచ్చెనన్న వింత సుప్రసిద్ధము. మనకాలమున ఆశావాది ప్రకాశరావుగారు పెనుగొండయందు నివసించి యవధానవిద్యలోఁ బేరుగాంచిరి. దళితకుటుంబమున జన్మించి యీ విద్యను సాధించినవారు. 2021వ సంవత్సరపు పద్మశ్రీపురస్కారము వారికి లభించెను. 2022 ఫిబ్రవరిలో వారు దివంగతులైరి. అట్టి విద్వాంసుఁ డొక్కఁడు పోవుటతో నెందఱకో దిద్దు చేయి పోవును. ఇంట విద్యాపరంపర లేనివానికిఁ దెఱచిన వాకిలిగల గోష్ఠియే దిక్కు. కావున దాని బ్రదుకు విద్వత్కుటుంబములవారికంటె నట్టివారికే యెక్కువ యవసరము.

విశాలదేశమున నొక నిదర్శనము చూతము. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో చెన్నపురియందు జయంతి రామయ్యపంతులుగారి పూనికచేత స్థాపింపఁబడినది. అది తలపెట్టిన సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటిసంపుటము 1936లో వెలువడినది. పంతులుగారు 1941లో స్వర్గస్థులైరి. కడపటిసంపుటము ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున 1972లో వెలువడినది. పీఠికాపురాధీశుని ద్రవ్యసాహాయ్య ముండినమాట నిజమే. కాని ద్రవ్య మొక్కటే చాలియున్నచో, స్థాపకుఁడు పోయిన మూఁడు దశాబ్దములకుఁ బని ముగియుట యసంభవము. పదములు సేకరించిన చీటులు, సంపాదకులు పాటించిన నియమములు ఒకచేతినుండి మఱొకచేతికిఁ బోవునట్లుండుటచేతనే పని తుదముట్టినది.

భారవిభాగము

భారమును బంచుకొనుటకు మాదిరి మన యవధానమునందే యున్నది. అష్టావధానసభను జూచువారు అవధాని యొక్కని ప్రజ్ఞనే మెచ్చుకొందురు. కాని సభ నడచునది యెనమండుగురు పృచ్ఛకులచేత. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు వర్ణనము. వేఱొకరు వ్యస్తాక్షరి, ఇంకొకరు పురాణపఠనము, మఱొకరు ఆశువు. అప్రస్తుతప్రసంగి తన పని తాను జేయును. ఒకరి యంశమునం దింకొకరు చేయిపెట్టరు. ఒక్కొక్క యావృత్తియం దొక్కొక్క పాదము చొప్పున నాలుగావృత్తులు నడచి, పిదప ధారణ జరుగును. ఎవరి వంతు ఎప్పుడో సభకంతకును దెలియును. ఆ క్రమముండుటచేతనే రెండు మూఁడు గంటల సభ చిక్కుపడక నడచును.

గోష్ఠియందును బనులను నాలుగుగా విభజింపవచ్చును. మొదటిది అంశమిచ్చుట. రెండవది ఛందస్సును బరిశీలించుట. మూఁడవది శబ్దమును, అన్వయమును, ఔచిత్యమును విచారించుట. నాలుగవది లేఖకత్వము, అనఁగా నెవరెవరు వ్రాసిరి, ఏ దోషములు దిద్దఁబడినవి యను వివరమును భద్రపఱచుట. వీనిలోఁ బాండిత్యము కావలసినది మూఁడవదానికే. నాలుగవపని తొలియేఁటి శిష్యుఁడును జేయఁగలఁడు. రెండవదానిని శిష్యులు జంటలుగాఁ గూర్చుండి యొకరిపద్యము నొకరు చూచుకొనుటచేత సగము తీర్చుకొనవచ్చును. పొరుగువాని పద్యమున యతిభంగమును బట్టుకొన్నవాఁడు తనపద్యమున దానిని మఱువఁడు.

ఇప్పుడు ‘ఛందం’ అను పేరుగల యంత్రసాధనము కలదు. అది పద్యమును గొని గణములను, యతిని, ప్రాసను బరీక్షించి, తప్పు లున్నచోఁ జూపును. దీనిని జూచి కొందఱు పండితులు ముఖము చిట్లింతురు. అది తగదు. లెక్కింపఁదగినదానిని యంత్రము లెక్కించినచోఁ బండితుని 15 నిమిషములు విచారింపఁదగినదానికి మిగులును. కాని యంత్రము చూడలేనిది యెంతయో యున్నది. ‘వాఁడు వచ్చి నేను జూచితిని’ అని శిష్యుఁడు వ్రాసెననుకొందము. గణములు సరిపోవచ్చును, యతియుఁ గుదురవచ్చును. కాని క్త్వార్థకమునకును సమాపకక్రియకును గర్త యొక్కఁడే కావలెనను నియమ మిచట భగ్నమైనది. దానిని యంత్రము పట్టుకొనదు.

దిద్దుబాటు

ఇచ్చటనే మఱియొక సూక్ష్మము గలదు. పై దోషమును జూపిన పండితునితో శిష్యుఁడు, ‘అయ్యా, వాన కురిసి పంటలు పండెను అని లోకమున నందురు గదా? అచటఁ గర్తలు వేఱుకాదా?’ అని యడుగవచ్చును. ‘తప్పు, మార్చుము’ అని మాత్రము చెప్పినవాఁడు దానికిఁ దబ్బిబ్బగును. ‘పూర్వక్రియ యుత్తరక్రియకుఁ గారణమైనచోట నట్టి వ్యవహారము కలదు, నీ వాక్యమున నట్టి కార్యకారణభావము లేదు’ అని చెప్పఁగలిగినవాఁడు శిష్యుని నిలుపుకొనును. కారణము చెప్పని దిద్దుబాటు శిక్ష, కారణము చెప్పినది విద్య. గోష్ఠిని విడిచిపోవువారిలోఁ బెక్కండ్రు పద్యము రాక పోవువారు కారు. తమ పద్యము దిద్దఁబడక పోయినందులకో, హేతువు లేక త్రోసిపుచ్చఁబడినందులకో పోవువారు.

కారణమును వ్రాసి యుంచుటవలన నింకొక లాభము కలదు. ఒకమాఱు వ్రాసిన సమాధానము మఱుమాఱు వ్రాయనక్కఱలేదు. సంవత్సరము గడచునప్పటికిఁ దఱచుగాఁ జేయఁబడు దోషములు 30 కాని 40 కాని లెక్కకు వచ్చును. వానిని బట్టిక వేసినచోఁ గ్రొత్తగా దిద్ద నేర్చువానికి నదియే పాఠ్యగ్రంథము. పాణినిసూత్రములపైఁ గాత్యాయనుని వార్తికములును, వానిపైఁ బతంజలి భాష్యమును బుట్టినది యిట్టి ప్రశ్నోత్తరములవలననే. ఆక్షేపణ శాస్త్రమునకు శత్రువు గాదు, దానిని బెంచిన పాలు.

మూఁడూళ్ల మాదిరి

పై నియమములను స్పష్టపఱచుటకై హిందూపురము, పెనుగొండ, ధర్మవరములయందలి భాషాప్రియు లొక గోష్ఠిని నెలకొల్పుకొనిరని యూహింతము. ఈ మూఁడును గుంతకల్లు–బెంగుళూరు రైలుదారిపై నున్న యూళ్లు. 2022 నుండి మూఁడును శ్రీసత్యసాయిజిల్లాలోనివి. రాకపోకలకు సౌకర్యమున్నను, వారమువారము పోయివచ్చుటకు నుపాధ్యాయునకుఁ దీఱదు, నేఁతకానికిఁ దీఱదు, పెనుగొండచెంతఁ గారులకర్మాగారమున వంతులవారిగాఁ బనిచేయు యువకునకు నసలే తీఱదు. కావున వారమువారము అంతర్జాలమునను, మూఁడునెలల కొకమాఱు ఒక్కొక్క యూర ముఖాముఖిగాను గలిసికొందురు.

మొదటి నియమము: దినమును, గంటయు మాఱరాదు. అమెరికాలోని డల్లసుప్రాంతమున ఉత్తరటెక్సాస్ తెలుగుసంఘము 2007 మొదలు ‘నెలనెలా తెలుగువెన్నెల’ యను సాహిత్యసదస్సును జరుపుచు 200 సదస్సులను దాటినది. దానిపేరే దాని నియమము. ఎప్పుడు జరుగునో అడుగనక్కఱలేని సభకు జనము వత్తురు.

రెండవ నియమము: పైఁ జెప్పిన నాలుగుపనులకు నలుగురు, ఒక్కొక్కరి వెంట నొక్కొక్క సహాయుఁడు. ప్రతిపేరుచెంతను అవధి తేదీ వ్రాయవలెను. ఆఱునెలలు చాలును. నలుగురి యవధులు నొక్కమాఱే ముగియరాదు, ఇద్దఱు మాఱునప్పు డిద్దఱు నిలువవలెను. ధర్మవరపు పట్టునేఁతగాండ్రు దీనిని మనకంటె బాగుగా నెఱుఁగుదురు. పడుగు ముగియవచ్చినప్పుడు మగ్గమునుండి దానిని బూర్తిగాఁ దీసివేయరు. పాతపోఁగుల కొనలను మగ్గముననే నిలిపి, క్రొత్తపడుగు పోఁగులను ఒక్కొక్కటిగా వానికి ముడివేసి లాగికొందురు. పాతకొనలు లేకున్నఁ బోఁగుపోఁగును మొదటినుండి యెక్కింపవలసివచ్చును. గోష్ఠికిని అంతే.

మూఁడవ నియమము: 20 పద్యములను నలుగురు పంచుకొనవలెను. ఛందస్సు ముందే పరీక్షింపఁబడి వచ్చినచోఁ బద్యమునకు 15 నిమిషములకు బదులు 8 నిమిషములు చాలును. 5 పద్యములకు 40 నిమిషములు. వారమున కేడుగంటల కాడి, సభాసమయము గాక, గంటకు లోఁబడిన పనియగును. గంట నిచ్చువారు ప్రతియూరను దొరకుదురు. ఏడుగంట లిచ్చువాఁడు జిల్లా కొకఁడు దొరకుట యరుదు. శబ్దవిచారమునకుఁ బూనుకొన్న పండితుఁడు నలుగురి దిద్దుబాటులలో సంశయము గలవానిని మాత్రము చూచినఁ జాలును.

నాలుగవ నియమము: విరామము ప్రకటింపఁబడవలెను. మన వేదపాఠశాలలలోఁ బాడ్యమి, అష్టమి, చతుర్దశి మొదలగు తిథులయం దనధ్యయనము పాటింతురు. ఆ దినములలోఁ బాఠము లేదు, కాని పాఠశాల యున్నది. మఱునాఁడు మరలఁ దెఱవఁబడునని శిష్యునకుఁ దెలియును. వార్షికపరీక్షలనెలను, సంక్రాంతివారమును ముందే యనధ్యయనములుగాఁ బ్రకటించినచో, విరామమును జూచి గోష్ఠి చచ్చెనని యెవ్వరును దలఁపరు.

అయిదవ నియమము: భాండాగార మొక్కచోటనే యుండరాదు. యాహూసంస్థ తన ‘గ్రూప్స్’ సేవను 2020 డిసెంబరులో మూసివేసినప్పుడు, అచటఁ జర్చలను నడపుకొన్న సమాజములలో ముందుగాఁ బ్రతులు తీసికొన్నవారికే తమ పాతవ్రాఁతలు దక్కినవి. ఇతరుల యింటి గోడమీఁద వ్రాసినది గోడతోఁ బోవును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో నారంభమై, జీతము లేని వ్రాయసకాండ్రచేతనే పెరిగినది. దానియందుఁ బ్రతిపుటకును ‘చరిత్ర’ యను విభాగము కలదు. ఎవరేమి మార్చిరో, మార్పునకు ముందేమి యుండెనో యందుఁ గానవచ్చును. పనివాఁడు మాఱినను పని తెగకుండుట కా చరిత్రయే యాధారము. మన గోష్ఠి లేఖకుఁడును దిద్దుటకు ముందున్న పద్యమును, దిద్దిన పద్యమును, కారణమును మూఁడింటిని భద్రపఱచి, రెండుచోట్లఁ బ్రతులుంచి, సంవత్సరాంతమున నొక ప్రతిని గాగితముపై నచ్చొత్తించి యీ మూఁడూళ్ల గ్రంథాలయములకు నీయవలెను. సంకేతపదము నలుగురికిని దెలిసియుండవలెను.

ఆక్షేపసమాధానములు

ఇట్లు పంచినచో ప్రమాణము తగ్గునని కొందఱందురు. పండితుఁ డొక్కఁడే దిద్దిన దిద్దుబాటు మేలైనదే. కాని యాఱునెలలలో నిలిచిపోయిన మేలైన దిద్దుబాటుకంటె, కారణముతోఁ గూడి పదియేండ్లు నడచిన సామాన్యమైన దిద్దుబాటువలన నెక్కువమంది నేర్తురు. అదియుఁ గాక, శిష్యుని దిద్దువానిఁగాఁ జేయుటయే విద్యకుఁ బరీక్ష. ఒకరి పద్యమును సహేతుకముగా దిద్దఁగలుగువఱకు నెవఁడును లక్షణము నెఱిఁగినవాఁడు కాఁడు.

తెరమీఁది చదువున గురుసన్నిధి లేదని మఱికొందఱందురు. ఆ మాటలో సత్యము కలదు. పద్యమును జదువు తీరు, ఊనిక, విరుపు, రాగము ముఖాముఖిగా విన్నప్పుడే పట్టుపడును. మూఁడునెలల కొకమాఱు ప్రత్యక్షసభ యుండవలెననుట యందులకే. కాని గురుసన్నిధి లభింపదన్న నెపముతో లభించునదానిని గూడ విడుచుట వివేకము గాదు.

ద్రవ్యము పోగుచేసి నిర్వాహకునకు భృతి యిత్తమని యింకొందఱందురు. ఇచ్చుట తప్పు గాదు. కాని చిన్నమొత్తము కాలమునకు వెల గాఁజాలదు, పైఁగా లెక్కలకు వివాదము దెచ్చును. ద్రవ్య మున్నచో సంవత్సరాంతపు సంపుటమునకును, ప్రత్యక్షసభనాఁటి భోజనమునకును వినియోగించుట మేలు. సేవకుఁడు కోరునది ధనముకంటె, తాను దిగిపోవుదినమున సభ తన పేరు తలఁచుటయు, తాను మొదలుపెట్టినది నడచుచుండుటయు.

కావున గోష్ఠిని నెలకొల్పఁదలఁచిన యుపాధ్యాయులకు నా మనవి యొక్కటే. మొదటిసభనాఁడే, సమస్య నిచ్చుటకు ముందు, నలుగురి పేళ్లును, వారివారి యవధులును, వారి వెనుక వచ్చువారి పేళ్లును జదివి వినిపింపుఁడు. తమ పేరుచెంత తేదీ వ్రాసికొనుటకు సంకోచించువా రెంతటి పండితులైనను వారికి భారము నొప్పగింపకుఁడు. ‘ఆఱునెలలే చేయఁగలను’ అని నిజము చెప్పినవానిని గౌరవముతోఁ బిలువుఁడు. అనువృత్తి యట్టివానివలననే కలుగును.